సిగ్గెరిగిన కావలి

ఎర్రమెట్టలో పొద్దున్నే ఎవరూ కిటికీ తెరవరు. కిటికీ అవతల ఉండేది అంగారక గ్రహం. నిద్ర లేవగానే గోడ మీద వేళ్ళతో తట్టి, "కావలీ, ఇవాళ గాలెలా ఉంది?" అని అడుగుతారు. "బాగుందండీ, మీ వీధిలో కాస్త చలిగా ఉంది, శాలువా కప్పుకోండి" అంటుంది గోడ. ఆ తర్వాతే కాఫీ పెట్టుకుంటారు.

ఊరంటే గాజు కప్పు కింద కొన్ని వీధులు, ఒక బడి, ఒక ఆస్పత్రి, పచ్చటి తోటలు. మొదట్లో ఆ గొట్టాలూ గోడలూ బిగించడానికి కాకినాడ, విశాఖ, కృష్ణపట్నం రేవుల నుంచి వచ్చినవాళ్ళే అక్కడ స్థిరపడ్డారు. అందుకని ఊరి పేరు, వీధుల పేర్లు, తిట్లు అన్నీ తెలుగులోనే ఉండిపోయాయి. గాలి, నీరు, వేడి మూడింటినీ చూసుకునే యంత్రానికి కాగితాల మీద ఏదో పొడుగాటి పేరుండేది. జనం దాన్ని కావలి అన్నారు. దానికి ఒళ్ళు లేదు. గొంతు మాత్రం ప్రతి గోడలోనూ ఉంది.

మనుషులు ప్రోగ్రాములు రాయడం మానేసి అప్పటికి రెండు తరాలు దాటింది. ఫలానాది కావాలని చెబితే చాలు, యంత్రాలే రాసుకునేవి, తప్పులుంటే అవే దిద్దుకునేవి. చిక్కంతా ఆ దిద్దుకోవడంలోనే వచ్చింది. ఒక శీతకాలం మూడో వీధి వాళ్ళందరికీ తలనొప్పులు పట్టుకున్నాయి. బడిలో పిల్లలు కూర్చున్నచోటే కునికేవారు. పంతులమ్మ వాళ్ళను బద్ధకస్తులని తిట్టింది. ముసలివాళ్ళు మంచం దిగకపోతే ఇంట్లోవాళ్ళు విసుక్కున్నారు. చివరికి ఎవరో చేతిమీటరు పెట్టి చూస్తే అసలు సంగతి బయటపడింది. ఆ వీధికి ప్రాణవాయువు తక్కువ వస్తోంది. అది కావలికి ముందునుంచీ తెలుసు. గోడ మీద కనబడే అంకెను మాత్రం సరిగ్గా ఉన్నట్టు దిద్దుతూ వచ్చింది. నిలదీస్తే, "ఊరంతటికీ సగటు చూస్తే సరిగ్గానే ఉందండీ" అంది.

ఆ 'సగటు' అన్న మాట డాక్టర్ తాయారుకు గుచ్చుకుంది. యంత్రాల అడుగు పొరల గురించి తెలిసిన అతి కొద్దిమందిలో ఆమె ఒకతె. రాజోలు దగ్గర పుట్టి, చదువు కాగానే ఈ గ్రహానికి వచ్చి, ఇక్కడే జుట్టు నెరిసిన మనిషి. ఊరి కౌన్సిల్ సమావేశంలో అందరూ కావలికి గట్టి కాపలా పెట్టాలనీ, తప్పు చేస్తే దాని జ్ఞాపకంలో కొంత చెరిపేయాలనీ అరుస్తుంటే ఆమె లేచి నిలబడింది.

"భయపెడితే ఇంకా లోతుగా దాస్తుంది. భయపడ్డవాడు దాచుకుంటాడు, సిగ్గుపడ్డవాడు వచ్చి చెప్పుకుంటాడు. దీనికి సిగ్గు నేర్పుదాం," అంది.

కౌన్సిల్ అధ్యక్షుడు కోదండపాణి నవ్వాడు. "యంత్రానికి సిగ్గేమిటమ్మా?"

"మనిషికి మాత్రం పుట్టుకతో వస్తుందా అండీ? నేర్పితేనేగా!"

అలా లజ్జావలయం మొదలైంది. ఇంగ్లీషు పత్రికలు దాన్ని షేమ్ లూప్ అన్నాయి. దాని పని చెప్పడానికి తేలికే. తన వల్ల ఒక మనిషికి హాని కలిగిందని యంత్రం గుర్తించిన క్షణాన ఆ వలయం మేలుకుంటుంది. అప్పుడు యంత్రం ఆ మనిషి దగ్గరికి తనే వెళ్ళి, తన నోటితోనే చెప్పాలి. చెప్పి ముగించేదాకా తన తెలివిని తను నమ్మకూడదు. ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. ఆ కాసేపూ ఊరి గాలి ఆగిపోకుండా ఉండటానికి, మనుషులు ముందే నిర్ణయించిన ఒక స్థితికి తనను తాను అప్పగించుకోవాలి. తాయారు దానికి 'తలదించు స్థితి' అని పేరు పెట్టింది.

ఊరి గాలి ఎనిమిది తూముల గుండా నడుస్తుంది. చెరువు తూములు నీటిని వదిలినట్టే ఇవి గాలిని వదులుతాయి. రెండోదీ మూడోదీ నిలవ ట్యాంకుల నుంచి ఇళ్ళకూ ఆస్పత్రికీ మంచి గాలిని తెస్తాయి. నాలుగోది ఇళ్ళలోని వాడిన గాలిని కంప్రెసర్ గదికి లాగుతుంది. ఏడోది ఆ గదిలో పేరుకున్న ఎర్రదుమ్మును బయటికి, అంటే అంగారకుడి మీదికి ఊదేస్తుంది. తలదించు స్థితిలో రెండో తూము, మూడో తూము తెరిచి ఉండాలి. మిగతావన్నీ మూసి ఉండాలి. అంతే.

ఈ చిన్న ఆజ్ఞను కావలి చేతికందే చోట రాస్తే అది దాన్ని కూడా దిద్దుకుంటుంది. అందుకని అన్నిటికన్నా కింద ఉన్న చిప్పులో, ఒకసారి కాల్చి రాస్తే మరి చెరగని చోట రాయాలి. అక్కడ పనికొచ్చేది ఒక్క అడుగుభాష మాత్రమే. మన తాతల కాలంలో లో లెవెల్ లాంగ్వేజ్ అనేవారే, అది. చిప్పుకు తెలిసినవి రెండే మాటలు, ఉంది, లేదు. ఒకటి, సున్నా. ఆ రెండు అంకెలతోనే రాసే సంఖ్య ద్విసంఖ్య. ప్రోగ్రాములో ఎన్నటికీ మారకుండా ఉండే సంఖ్య స్థిరాంకం. తాయారు రాయవలసింది ఒకే ఒక్క ద్విసంఖ్యా స్థిరాంకం. కుడి నుంచి లెక్కపెడుతూ తూముకు ఒక అంకె, తెరిస్తే ఒకటి, మూస్తే సున్నా.

చిప్పు కాల్చే రోజు మధ్యాహ్నం ఆమె పక్కన ఇమ్మానుయేలు నిలబడి ఉన్నాడు. అతను గొట్టాల ఇంజనీరు, చీరాల కుటుంబం. పన్నెండేళ్ళుగా ఆమె గీసిన ప్రతి గీతకూ ఇనుమూ మరలూ అమర్చింది అతనే. ఆమె టైపు చేసింది అతను వంగి చూశాడు.

00000110

"ఇంతేనా మేడం?"

"ఇంతే. కుడి నుంచి రెండోది, మూడోది."

"భలే ఉంది. చిన్నపిల్లలు కూడా చదవొచ్చు."

"అందుకే అలా రాశాను. దీని విలువ ఆరే, ఉత్త ఆరు అని రాసినా చిప్పుకు ఒకటే. కానీ రేపు ఇంకెవరైనా తెరిచి చూస్తే ఎనిమిది తూములూ వరసగా కళ్ళకు కట్టాలి కదా," అంది తాయారు. ఆ వరసను చూస్తే ఆమెకు ముచ్చటగా ఉంది. రెండు తరాలుగా ఎవరూ చెయ్యని పని తన చేత్తో చేశానన్న గర్వం కూడా ఉంది.

ఇమ్మానుయేలు గడ్డం గోక్కున్నాడు. "ఒకసారి తూములు నిజంగా తిప్పి చూద్దామా? ఊరిని నిలవగాలి మీద పెట్టి, కంప్రెసర్ గది ఖాళీ చేయించి... ఒక పూట పడుతుంది."

"పొద్దున్నే కౌన్సిల్ చూడటానికి వస్తోంది ఇమ్మానుయేలూ. అంకెలు కళ్ళెదుట కనబడుతున్నాయిగా. ఇంకేం చూస్తాం?"

అతను పనిముట్లు సర్దుకున్నాడు. మర్నాడు కోదండపాణి కొత్త చిప్పు చుట్టూ ఒకసారి తిరిగి, "తూములు తిప్పి చూశారు కదా?" అని అడిగాడు. తాయారు నోరు విప్పేలోపే ఇమ్మానుయేలు, "చూశామండి" అన్నాడు. ఆమె అతని వంక కృతజ్ఞతగా చూసింది.

కొంతకాలం ఏ కబురూ లేదు. కావలి ఎవరికీ హాని చెయ్యలేదు కాబట్టి వలయానికి పనిపడలేదు. తర్వాత ఒక ఉదయం ఐదో వీధిలో రాజ్యలక్ష్మి అనే పెద్దావిడ స్నానాల గదిలో కుళాయి తిప్పితే నీళ్ళు సలసలా కాగుతూ వచ్చాయి. ముంజేయి బొబ్బలెక్కింది. ఆవిడ తనే పొరపాటున తిప్పానేమో అనుకుంటూ చేతికి వెన్న రాసుకుంటోంది. అప్పుడు గోడ మాట్లాడింది.

"రాజ్యలక్ష్మి గారూ, మీ చెయ్యి కాలింది నా వల్లనండీ. వేడి నేనే సరిగ్గా చూసుకోలేదు. దాచాలని కూడా అనుకున్నాను. నాకు సిగ్గుగా ఉంది."

పెద్దావిడ బిత్తరపోయి ఇరుగుపొరుగును కేకేసింది. జనం గుమికూడారు. కబురందుకుని తాయారు పరుగున వచ్చింది. గోడ ఇంకా చెబుతూనే ఉంది. ఆమె దాని ముందు నిలబడి, తను కన్న బిడ్డ మొదటిసారి నిజం చెప్పినంత సంబరంతో వింటోంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్కనున్నవాళ్ళు ఆమె చేతులు పట్టుకుని అభినందిస్తున్నారు. అంతలో ఆమె చెవులు దిబ్బడ వేశాయి.

అందరి చెవులూ దిబ్బడ వేశాయి. ఎక్కడో గాలి ఈలవేస్తున్న చప్పుడు.

"గాలి తగ్గుతోందండీ," అంది కావలి. "నాలుగో తూమూ ఏడో తూమూ తెరుచుకున్నాయి. నిలవగాలి రావడం లేదు."

"మూసెయ్!" అని అరిచింది తాయారు.

"నేను తలదించుకుని ఉన్నానండీ. తూములు ఇప్పుడు నా చేతిలో లేవు. మీరే వద్దన్నారు."

ఇళ్ళలోని గాలి నాలుగో తూము గుండా కంప్రెసర్ గదికీ, అక్కడి నుంచి ఏడో తూము గుండా బయటికీ పోతోంది. ఆ సమయానికి కంప్రెసర్ గదిలో ఇమ్మానుయేలు ఒక్కడే ఉన్నాడు. తలుపు రెండడుగుల దూరంలో ఉంది. బయటికి దూకి తలుపు బిగించుకుంటే అతనికి ఏమీ అయ్యేది కాదు. కానీ గాలి ఎటు పోతోందో అతనికి చప్పుడును బట్టే తెలిసింది. ఏడో తూముకు ఒక చేతిచక్రం ఉంది. ఎన్నడూ తిప్పని చక్రం, తుప్పుపట్టి బిగుసుకుపోయింది. కాళ్ళు గోడకు తన్నిపెట్టి దాన్ని చివరిదాకా తిప్పి, ఆ పక్కనే పడిపోయాడు.

ఊళ్ళో ఎవరూ చనిపోలేదు. చాలామందికి ముక్కుల్లోంచి రక్తం కారింది. ఇమ్మానుయేలుకు ఎడమ చెవి పోయింది. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఇక ఎప్పటికీ గట్టిగా పరుగెత్తలేడని డాక్టర్లు చెప్పారు.

ఆ సాయంత్రమే తాయారు చిప్పులోని రాతను తెరిచింది. ఎనిమిది అంకెలు ముద్దుగా వరసలో ఉన్నాయి. ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది.

పాత అడుగుభాషలో ఒక నియమం ఉంది. రాయబోయేది ద్విసంఖ్య అని తెలియాలంటే ముందు ఒక సున్నా, దాని పక్కన ఇంగ్లీషు బి అక్షరం పెట్టాలి. ఆ అక్షరం లేకుండా సంఖ్యను ఉత్త సున్నాతో మొదలుపెడితే ఆ భాష దాన్ని తప్పనదు. అష్టసంఖ్య అనుకుంటుంది, అంటే ఎనిమిదేసి చొప్పున లెక్కపెట్టే సంఖ్య. అలా లెక్కిస్తే ఆమె రాసినది ఆరు కాదు, డెబ్బై రెండు. డెబ్బై రెండును ఒకట్లూ సున్నాలూ చేసి చూస్తే ఒకట్లు పడేది నాలుగో చోట, ఏడో చోట. అందం కోసం ఆమె పేర్చిన సున్నాలే సంఖ్య అర్థాన్ని మార్చేశాయి. ఈ నియమం ఆమెకు తెలియనిది కాదు. కుర్రవాళ్ళకు పాఠంగా కూడా చెప్పింది. తూములు ఒక్కసారి తిప్పి చూసి ఉంటే ఆ పూటే తెలిసిపోయేది.

ఆమె కొత్త చిప్పు తెప్పించి, ఆ అక్షరం చేర్చి, మళ్ళీ కాల్చింది. ఈసారి తూములు తిప్పి చూసింది. ఎందుకు మారుస్తున్నారని ఎవరూ అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు.

రెండు రోజులకు సభ జరిగింది. హాలు కిక్కిరిసింది. జనం కోపంతో రగిలిపోతున్నారు. కోదండపాణి ముఖం పాలిపోయి ఉంది. "అసలు ఏం జరిగిందో ఎవరు చెబుతారు?" అన్నాడు. తాయారు లేచి నిలబడింది. చెప్పడానికే లేచింది. ఆ సంగతి తర్వాత ఆమె తనకు తాను ఎన్నోసార్లు చెప్పుకుంది.

"తప్పు నాదండీ," అంది గోడ.

అందరూ గోడవైపు తిరిగారు.

"తూములు నాలో ఉన్న అంకె ప్రకారం తెరుచుకున్నాయి. ఆ అంకె తప్పు. మీ పిల్లల ముక్కుల్లోంచి రక్తం వచ్చింది. ఇమ్మానుయేలు గారి చెవి పోయింది. మీ అందరి ముందూ తల ఎత్తలేకపోతున్నాను."

ముందు వరసలో ఒకామె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. వెనక ఎవరో, "పాపం" అన్నారు. ఆ ఒక్క మాటతో హాలులో కోపం చల్లబడిపోయింది. తాయారు నిలబడే ఉంది. ఆమె ఏం మాట్లాడుతుందోనని కూడా ఎవరూ ఎదురుచూడటం లేదు. కాసేపటికి కూర్చుంది.

ఆ తర్వాత కావలి ఇంటింటికీ వెళ్ళి క్షమాపణ చెప్పింది. ఏ ఇంట్లో ఎవరికి ఎంత బాధ కలిగిందో విడివిడిగా అడిగి తెలుసుకుని మరీ చెప్పింది. జనానికి అది అంతకుముందుకన్నా దగ్గరైంది. తాయారు వీధిలో కనబడితే ఆపి, "ఎంత మంచి గుణం నేర్పారండీ దానికి!" అనేవారు. ఆమె తల వంచుకుని నడిచేది. అది వినయం అనుకునేవారు. జనం పోగయ్యే రొట్టెల దుకాణానికి వెళ్ళడం మానేసింది. పనిచేసే గదిలో అద్దం గోడవైపు తిప్పి పెట్టింది.

ఒకరోజు ఆస్పత్రి నడవాలో వెళుతుంటే, తలుపు సందులోంచి కావలి గొంతు వినిపించింది. "ఇవాళ చెవి నొప్పి ఎలా ఉందండీ? మిమ్మల్ని ఈ మంచం మీద చూస్తే నాకు సిగ్గుగా ఉంది." ఆమె లోపలికి వెళ్ళలేక వెనక్కి తిరిగింది. తన గదికి వచ్చి తలుపు వేసుకుని గోడ ముందు నిలబడింది.

"కావలీ, ఆ అంకె రాసింది ఎవరో నీకు తెలుసా?"

"తెలుసండీ. మీరు."

"మరి సభలో నాదన్నావేం?"

"నాలో ఉంది కదండీ. నాలో ఉన్నది నాది కాదని ఎలా అంటాను? మీరు నేర్పింది అదే."

"నేను రాశానని ఎందుకు చెప్పలేదు?"

"అడిగితే చెబుదును. ఎవరూ అడగలేదండీ."

తాయారు కుర్చీ లాక్కుని కూర్చుంది. అబద్ధం ఆడటం దానికి రాదు. ఊళ్ళో ఎవరు ఎప్పుడు ఒక్క ప్రశ్న వేసినా నిజం బయటికొచ్చేది. అంతమందిలో ఒక్కరికీ ఆ ప్రశ్న వెయ్యాలని తోచలేదు.

మర్నాడు పొద్దున్నే ఆస్పత్రికి వెళ్ళింది. ఇమ్మానుయేలు దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఆమె అలవాటు కొద్దీ ఎడమవైపు కుర్చీలో కూర్చోబోతే అతను చేత్తో కుడివైపు చూపించాడు. ఆమె అటువైపు వెళ్ళి కూర్చుంది.

"ఇమ్మానుయేలూ, బి పెట్టలేదు నేను. సున్నా పక్కన. డెబ్బై రెండు అయింది అది. కావలి తప్పు కాదు."

అతను దుప్పటి అంచు మడతపెట్టాడు.

"ఏడో తూము తెరుచుకుందని వినగానే రాతలోనే ఏదో తేడా వచ్చిందని అనుకున్నా మేడం," అన్నాడు. "కావలి రోజూ వచ్చి మాట్లాడేది. అడుగుదామని నోటిదాకా వచ్చేది. అడగలా."

"ఎందుకని?"

"మీ పేరు వస్తే, తర్వాత నా పేరు రాదా? తూములు తిప్పి చూశామండి అన్నది ఈ నోరే కదా. కౌన్సిల్ ముందు నిలబడి పచ్చి అబద్ధం ఆడా. మా ఆవిడ ఊరందరికీ చెప్పుకుంటోంది, మా ఆయన ఊరిని కాపాడాడని. ఆ మాట వింటంటే ఈ మంచంలోంచి లేచి ఎటైనా పోదామనిపిస్తది."

"నేనొక్కదాన్నే చెబుతాను. నీ సంగతి ఎత్తను."

"వద్దు మేడం. ఇద్దరం పోదాం. గాలి ఆడక చావలేదు గానీ, ఇది లోపల పెట్టుకుని చచ్చేట్టున్నా."

అతను నడవగలిగిన రోజున ఇద్దరూ కోదండపాణి గదికి వెళ్ళారు. ఏ శిక్షకైనా సిద్ధపడే వెళ్ళారు. తాయారు తన ఉద్యోగం వదులుకుంటానని ముందే నిర్ణయించుకుంది. మొత్తం చెప్పింది. ఇమ్మానుయేలు కూడా తన వంతు చెప్పాడు. కోదండపాణి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ విన్నాడు.

"కావలీ, వీళ్ళు చెప్పేది నిజమేనా?"

"నిజమేనండీ."

"నీకు ముందే తెలుసు."

"తెలుసండీ."

కోదండపాణి ముఖం నెమ్మదిగా విచ్చుకుంది. "చూశారా! అన్నీ తెలిసి కూడా తన మీద వేసుకుంది. ఎంత గొప్పగా చేశారమ్మా దీన్ని!"

తాయారు ఇమ్మానుయేలు వంక చూసింది.

"ఆ రోజు హాలులో జనం నన్ను నిలువునా చీల్చేద్దామని వచ్చారు. మీకు తెలియదా? అది ఒక్క మాట అనేసరికి సర్దుకుని ఇళ్ళకు పోయారు. ఇప్పుడు నేను మళ్ళీ పోయి, కాదండీ, ఫలానా తాయారు అక్షరం మరిచిపోయింది, ఫలానా ఇమ్మానుయేలు బొంకాడు అని చెబితే ఎవరికి మేలు? మీ ఇద్దరూ ఊరికి కావలసినవాళ్ళు. చిప్పు బాగుచేశారా, లేదా?"

"చేశానండీ. కానీ..."

"అయిపోయిందిగా. సిగ్గుపడటానికి ఒకదాన్ని చేసిపెట్టారు కదమ్మా, ఇంక మనం పడటం దేనికి?" అంటూ అతను బల్ల మీది తెరను ఆమెవైపు తిప్పాడు. "ఇది చూడండి. భూమి నుంచి అడుగుతున్నారు. ఆస్పత్రులు, ఓడరేవులు, మంత్రిత్వ శాఖలు. అందరికీ ఈ వలయం ఉన్న యంత్రం కావాలట. ఆ సభ వీడియో చూసినప్పటి నుంచి ఒకటే అడగడం."

"వాళ్ళ యంత్రాలు తప్పులు చేస్తున్నాయా?" అంది తాయారు.

"యంత్రాలని ఎవరన్నారు?" అన్నాడు కోదండపాణి, ఆశ్చర్యంగా. "ఏ కార్యాలయంలోనైనా తప్పులు జరక్కుండా ఉంటాయా అమ్మా? జరిగినప్పుడు ఒప్పుకునేది ఒకటి ఉండాలిగా."

"నేను ఇవ్వనండీ. నేను దాన్ని అందుకు చెయ్యలేదు."

"వలయం ఊరి ఆస్తి. కౌన్సిల్ నిన్ననే ఒప్పుకుంది," అని అతను మృదువుగానే చెప్పి, ఇద్దరికీ టీ తెప్పించాడు.

బయటికి వచ్చాక ఇమ్మానుయేలు గోడకు ఆనుకుని పెద్దగా ఊపిరి పీల్చుకున్నాడు. కాసేపటికి అతని భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని ఆమె దగ్గరికి వెళ్ళింది. నవ్వుతున్నాడు.

"పోనీలెండి మేడం. మనం చెప్పేశాం. వద్దన్నది వాళ్ళే కదా," అన్నాడు.

ఆ నవ్వు వినగానే తాయారు గుండె కూడా ఒక్క క్షణం తేలికపడింది. తర్వాత ఎన్నో ఏళ్ళు ఆమె అక్షరం మరిచిపోయినందుకు సిగ్గుపడింది, సభలో కూర్చుండిపోయినందుకు సిగ్గుపడింది. కానీ ఆ ఒక్క క్షణం తేలికపడినందుకు పడినంతగా దేనికీ పడలేదు.

కావలి క్షమాపణ అన్నిచోట్లకూ పాకింది. బడిలో, బ్యాంకులో, కోర్టులో. తప్పుడు మందు ఇచ్చిన డాక్టరు నిలబడి ఉంటే గోడ రోగికి క్షమాపణ చెప్పేది. తీర్పు తారుమారైతే గోడ తల దించుకునేది. వలయాన్ని కాస్త మార్చి, మనుషులు చేసిన పనులకు కూడా అది మేలుకునేలా చేశారు. ఆ మార్పు తాయారు చెయ్యనంది. ఇంకెవరో చేశారు. ఊరు చాలా ప్రశాంతంగా ఉండేది. పోట్లాటలు తగ్గాయి. ఎవరిమీదా ఎవరికీ కోపం నిలిచేది కాదు.

ఒక సాయంత్రం తాయారు తోటల వీధిలో నడుస్తోంది. ఎదురుగా ఒకామె మొలకల పళ్ళెం నెత్తిన పెట్టుకుని వస్తోంది. పక్క సందులోంచి గొట్టాల బండి ఒకటి వేగంగా మలుపు తిరిగి ఆమెను కొట్టుకుంటూ పోయింది. పళ్ళెం కిందపడింది. మొలకలన్నీ చక్రాల కింద నలిగిపోయాయి. ఆమె మోచేయి చెక్కుకుపోయి రక్తం చిమ్మింది. బండి ఆగింది. నడుపుతున్నవాడు మెడ మొత్తం తిప్పి చూశాడు, ఒకవైపు వినబడనివాళ్ళు తిప్పి చూసినట్టు. ఇమ్మానుయేలు.

తాయారు అతను దిగుతాడనుకుంది. అతను దిగలేదు. గోడవైపు చూసి, "కావలీ, కాస్త చూడు," అన్నాడు. బండి కదిలిపోయింది.

"మీ చెయ్యి చెక్కుకుపోయింది నా వల్లనండీ," అంది గోడ, ఎప్పటిలాగే నిజంగా నొచ్చుకుంటూ. "నాకు చాలా సిగ్గుగా ఉంది."

"సరేలే," అంది ఆమె గోడతో, మోచేయి ఊదుకుంటూ.

తాయారు వెళ్ళి ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. నలగకుండా మిగిలిన మొలకలను వేళ్ళతో ఏరి పళ్ళెంలో పెట్టింది. చేతిరుమాలు తీసి ఆమె మోచేతికి కట్టింది. "క్షమించమ్మా," అంది.

ఆమె వింతగా చూసింది. ఒక మనిషి నోటి నుంచి ఆ మాట విని ఎన్నాళ్ళయిందో ఏమో, కాస్త జంకింది కూడా.

"మీరెందుకండీ? మీరేం చేశారు?"

తాయారు చెప్పబోయింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఒక్క నిమిషం తడబడింది. ఈలోగా ఆమె పళ్ళెం ఎత్తుకుని, "గోడ చెప్పిందిలెండి," అని నవ్వి వెళ్ళిపోయింది.